ముందు చక్రానికి రెండు పెట్టెలు

నమోదు 1. పూతకు పన్నెండు రోజులు

ఈ నోటుపుస్తకం రాయమని నన్నెవరూ అడగలేదు. ఊరి సభలో నేను నోరు తెరవగానే అందరికీ పశువులకు మేత వేయడం గుర్తొస్తుంది. అందుకని చెప్పాల్సింది రాసి పెడుతున్నాను. కాగితానికి పశువులు లేవు.

మా సుంకులదిన్నె ఒక మహత్కార్యం తలపెట్టింది. నూట పది కిలోమీటర్ల అవతల, నల్లమల అంచు నుంచి రెండు పెట్టెల తేనెటీగలు తేవాలి. బతికున్నవి. ఈ మైదానంలో తేనెటీగ కనిపించి ముప్పై రెండేళ్లయింది. నా వయసు ఇరవై. నేను పుట్టాక ఇక్కడ కాసిన ప్రతి గింజా కుంచెతో కాసిందే. పరాగ సంస్థ కుంచెలిస్తుంది, పుప్పొడిలో కలిపే నీలం పొడి ఇస్తుంది. పూతకాలంలో ఊరంతా పొద్దుతిరుగుడు చేలో వంగి అద్దుతుంది. ఒక్కో పువ్వులో గుండ్రంగా ఇరవై వరసల చిన్న పూలుంటాయి, అంచు నుంచి లోపలికి రోజుకు నాలుగు వరసల చొప్పున విచ్చుకుంటాయి, కాబట్టి రోజుకు నాలుగు వరసలు. నీలం పువ్వుకంటితే అది సంస్థ చేయించిన పని. వేళ్లకంటితే మా తలరాత. మా ఊరి పెళ్లికూతుళ్లు గోరింటాకు మానేశారు. పెట్టినా కనిపించదు.

పన్నెండేళ్ల కుంచె ఒప్పందం ఈ పూతతో తీరిపోతుంది. అందులో నలభై ఒకటో షరతు నేనే కనిపెట్టాను: నీలం తగలకుండా ఏ వరసలో గింజ పట్టిందో, ఆ వరస పని ఊరికి వదిలెయ్యాలి. మిగతా వరసలకు ఇంకో పన్నెండేళ్లు వేలిముద్ర. ఈగ లేని నేల మీద ఈ షరతు! గుర్రానికి కొమ్ములు మొలిస్తే కట్టు విప్పుతామన్నట్టుంది. సరే, కొమ్ములు తెస్తాం. ఇరవై వరసలూ విడిపిస్తాం.

మోటారు బండ్లు సంస్థ చీటీ ఉంటేనే కదులుతాయి. చీటీ అక్కర్లేనిది సైకిలొక్కటే, ఎందుకంటే దాన్ని వాళ్లు బండిగా గుర్తించలేదు. అవమానానికి కూడా ఒక్కోసారి ఉపయోగముంటుంది. ఊళ్లో బాగా తొక్కేవాడిని నేనే. అంటే, వద్దన్నా వినకుండా తొక్కేవాడిని.

నమోదు 2. పూతకు పదకొండు రోజులు

కాశింబీ అత్త దుకాణానికి వెళ్లాను. నలభై ఏళ్లలో ఆమె చేతిలో బాగుపడని సైకిల్ లేదు, ఆమె నోట తిట్టు తినని మనిషి లేడు. నా సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి ముందు చక్రాన్ని ఒకసారి తిప్పింది.

“ఈగల్ని యాడ కడ్తావురా అబ్బీ?”

“వెనకాల క్యారియర్ మీద.”

“నీళ్లో?”

“వెనకాలే. ఇరవై లీటర్లు. దోవలో బావులన్నీ ఉప్పే కదా.”

“ఈగలిచ్చే ఆమెకు నూనె డబ్బా?”

“అదీ వెనకాలే.”

“మరి నువ్వు? నువ్వేమన్నా హ్యాండిల్ మీద కూసుంటావా? నీ బరువూ యెనక చక్రం మీదే, నీళ్లూ ఆడనే, నూనే ఆడనే. గుంతలో పడితే దెబ్బంతా దానికే. ఊరికి ఈగలు రావు, ఈగల పచ్చడి వస్తాది. ముందు చక్రానికి స్టాండు బిగించల్ల. అటొక పెట్టె, ఇటొక పెట్టె.”

ఇదే మాట ‘సమాన చక్రం’ అనే కరపత్రంలో ఉంది: ‘భారము ముందు వెనుకలకు సమముగా పంచబడిన నాడే యాత్ర సాగును.’ అత్తకు వినిపించాను. ఆమె స్పానర్ వెతుక్కుంది. నా కరపత్రాలన్నీ బొరుగుల పొట్లాలుగా మా ఊరికి వచ్చినవే, అందుకని ఏ ఒక్కటీ ఎనిమిదో పేజీ దాటదు. అయినా ఎనిమిది పేజీలలో పట్టనంత విప్లవం మన జిల్లాకు అవసరం లేదు.

నా సైకిల్ ఫోర్కుకు స్టాండు బిగించే రంధ్రాలు లేవు. రంధ్రం వేసేద్దామన్నాను. “నీ ముక్కుకు వేస్తా. ఫోర్కుకు బెజ్జం పెడితే కొండ దిగేటప్పుడు ఆడికే ఇరుగుతాది” అంది. పాత పాలక్యాను రేకు కత్తిరించి, ఫోర్కు కాలి చుట్టూ వచ్చే నాలుగు పట్టీలు వంచింది. ఇనుము ఇనుముకు రాసుకోకుండా లోపల ట్యూబు ముక్కలు పెట్టింది. ఇంతవరకూ మేం ఏకాభిప్రాయంతోనే ఉన్నాం.

గొడవంతా ఎత్తు దగ్గర వచ్చింది. సంచులు చక్రం ఇరుసు పక్కన, కిందకు ఉండాలని ఆమె. పైన, హ్యాండిల్ ఎత్తున ఉండాలని నేను. ‘ప్రజల సంపద ప్రజల కన్నుల యెదుట ఉండవలెను’ — కరపత్రం, ఆరో పేజీ.

“సరే. నీ పేపరు చెప్పినట్లే బిగిస్తా. ఆరేసి కిలోల ఇసుక పోసుకొని బడి కాడ్నుంచి ఇక్కడికి దిగు.”

దిగాను. మొదటి యాభై గజాలు చరిత్ర నా పక్షానే ఉంది. తర్వాత హ్యాండిల్ వణికింది. పట్టుకున్నకొద్దీ ఎక్కువ వణికింది. పైన వేలాడే పన్నెండు కిలోలు నన్ను అటూ ఇటూ ఊపి, అరుగు మీద కుంచెలు ఆరబెడుతున్న నలభై మంది ఆడవాళ్ల ముందు ఒక పద్ధతి ప్రకారం పడేశాయి.

వాళ్ల మేస్త్రి తిమ్మక్క లేచి వచ్చింది. మా ఊళ్లో పూతకాలం ఆమె మాటతో మొదలై ఆమె మాటతో ముగుస్తుంది. నన్ను చూడలేదు. ఇసుక సంచులను చూసింది.

“ఇవే ఈగలైతే ఎగిరిపోయి బతికిపోయేటివి. నీకు రెక్కలు ల్యాకపాయె నాయనా.”

నలభై మందీ నవ్వారు. శ్రామికవర్గం కాబట్టి క్షమించాను.

నమోదు 3. పూతకు ఎనిమిది రోజులు

స్టాండు కిందకు దిగింది. ఇరుసుకు బెత్తెడు పైన. అదే ఇసుక, అదే వాలు. చేతులు వదిలి కూడా దిగొచ్చు. దిగాను. అత్త చెప్పు విసిరింది.

తర్వాత సంచులు. పెట్టెలు సన్నగా, ఒక్కోదానిలో మూడేసి తేనెపట్టు చట్రాలు పట్టేట్టు అత్తే చెక్కలు కోసింది. వాటికి తొడుగులుగా సంస్థ టార్పాలిన్ కత్తిరించి రెండు సంచులు కుట్టింది. గాలాడటానికి రెండు వైపులా జల్లెడ గుడ్డ. పైన రెండు కొక్కేలు స్టాండుకు తగిలించడానికి, కింద ఒక కొక్కెం సంచి ఊగకుండా లాగి పట్టడానికి. “ఈ కింద కొక్కెం మర్సిపోతివంటే సంచి పోయి పుల్లల్లో పడ్తాది. అప్పుడు చక్రం ఆగుతాది, నువ్వు ఆగవు.”

దూలానికి త్రాసు కట్టి రెండు సంచులూ తూచాం. ఎడమది రెండు కిలోలు ఎక్కువ తూగింది.

“ఏముందిరా ఇందులో?”

“కరపత్రాలు. నల్లమల ప్రజలకు.”

“నల్లమల ప్రజలు బొరుగులు యాడ దొరికితే ఆడ కొనుక్కుంటారులే” అని బయట పెట్టేసింది. ఒక పక్క బరువెక్కువైతే హ్యాండిల్ రోజంతా అటే లాగుతుందట, సాయంత్రానికి భుజం పడిపోతుందట. సమానత్వం గురించి ఈమెకు ఎవరూ చెప్పలేదు, అయినా గ్రాము తేడా ఒప్పుకోదు. మా కరపత్రకారుడికి త్రాసు ఉండి ఉంటే బాగుండేది.

చివరికి ఆమె బోల్టులన్నీ విప్పి, మరల మీద కోడలి గోళ్లరంగు పూసి మళ్లీ బిగించింది. ఆరితే కదలవట. ఎర్రటి గోళ్లతో నా ముందు స్టాండు పెళ్లికి పోతున్నట్టుంది.

“పది కిలోమీటర్లు పోయినాక దిగి, అన్నీ ఒకసారి మళ్ల బిగించు. కొత్త బిగింపు మొదటి గుంతలకు సర్దుకుంటాది. మర్సిపోవాకు.”

“మరచిపోను.”

“రాసుకో.”

“అక్కర్లేదత్తా, నాకు నాలుగు కరపత్రాలు కంఠతా వచ్చు.”

నమోదు 4. పూతకు ఐదు రోజులు

మరచిపోలేదు. అవసరం లేదనుకున్నాను. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, ముఖ్యంగా రోడ్డు పక్కన కూర్చుని పుల్ల మార్చుకుంటున్నప్పుడు.

నిన్న పొద్దున బయల్దేరాను. పదో కిలోమీటరు దగ్గర మంచి వాలు, వెనుక గాలి. ఇరవై నాలుగో కిలోమీటరు దగ్గర కుడివైపు పట్టీ జారింది. ఖాళీ సంచి చక్రంలోకి వంగింది. రెండు పుల్లలు తెగాయి, ఒకటి వంగింది, నా మోకాలు తన వంతు తాను ఇచ్చుకుంది. పుల్లలు మార్చి, చక్రం తిన్నగా తిరిగేట్టు చేయడానికి ఒక పగలంతా పట్టింది. అత్త అయితే ఒక బీడీ కాల్చేలోగా చేసేది.

పూత మొదటి రోజుకల్లా ఊళ్లో ఉండాలన్నది పథకం. ఆ ఒక్క పగలూ పోయింది. రోజుకు నాలుగు వరసలు. ఈగలు ఎంత ఆలస్యమైతే అన్ని వరసలు గింజ పట్టకుండా ఎండిపోతాయి. నా పొగరు ఖరీదు నాలుగు వరసలని ఇక్కడ నమోదు చేస్తున్నాను. ప్రతి పట్టీ బిగించాను. ఎనిమిది సార్లు బిగించాను. ఇక దానికి బిగిసే చోటు లేదు.

నమోదు 5. పూతకు రెండు రోజులు

నల్లమల చేరాను. ఈగలిచ్చే ఈదమ్మ దగ్గర నలభై పెట్టెలున్నాయి, అంతకన్నా ఎక్కువ ప్రశ్నలున్నాయి. నేను అడవి గురించి ఒక ప్రసంగం సిద్ధం చేసుకుని వచ్చాను. ఆమె నా ముందు టైరును బొటనవేలితో నొక్కింది.

“ఇది టైరా, రాయా?”

“గట్టిగా గాలి కొడితే తేలిగ్గా పోతుంది కదమ్మా.”

“నువ్వు తేలిగ్గా పోతావు. లోపలోళ్లు?” అని రెండు కోడిగుడ్లు తెచ్చి ఒక్కో సంచిలో ఒకటి, గుడ్డ కూడా చుట్టకుండా చట్రాల మధ్య పెట్టింది. “ఆ బండల దారి దిగి, మళ్ల ఎక్కిరా. గుడ్డు పగిలితే ఈగలు లేవు. ఊరికి పో.”

మొదటిసారి రెండూ పగిలాయి. సంచి కడిగించింది. నా చేతనే. టైరులో గాలి కొంచెం తీశాను. రెండోసారి ఒకటి పగిలింది. ఇంకొంచెం తీసి, గుంతల దగ్గర సీటు మీద నుంచి లేచి, బ్రేకు ఒక్కసారిగా పట్టకుండా కొద్దికొద్దిగా పట్టాను. మూడోసారి రెండూ బతికాయి. ఈదమ్మ వాటినే అట్టు పోసి నాకు పెట్టింది. పరీక్ష పాసైనవాడికి పరీక్ష పేపరే భోజనం పెట్టడం నేనెక్కడా వినలేదు.

చట్రాలు చక్రానికి అడ్డంగా కాదు, చక్రం వెంబడే పొడుగ్గా ఉండేట్టు పెట్టెలు సర్దింది. అడ్డంగా ఉంటే బ్రేకు పట్టినప్పుడల్లా ఒక తేనెపట్టు ఇంకోదాన్ని గుద్దుకుని, మధ్యలో ఈగలు నలుగుతాయి. అత్త కోసిన పెట్టెల కొలతలు చూసి మాత్రం తల ఊపింది.

“ఎవరు కట్టినారు ఇది?”

“మా కాశింబీ అత్త.”

“ఆమెను పంపకపోయినారా?”

నమోదు 6. పూత మొదటి రోజు

ఊళ్లో పూత విచ్చింది. నేనింకా రోడ్డు మీదే ఉన్నాను.

నిన్న తెల్లవారుతుండగా తలుపులు మూసి బయల్దేరాను. ఎండెక్కేదాకా తొక్కడం, పది గంటలకు నీడ చూసుకుని సంచుల మీద తడిగుడ్డ కప్పడం, నాలుగింటికి మళ్లీ తొక్కడం. ముందు చక్రం పక్కన అటు రెండు వేలు, ఇటు రెండు వేల ప్రాణాలు ఒకే శ్రుతిలో పాడుతుంటాయి. వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది, నీళ్లు చల్లితే దిగుతుంది. నా జీవితంలో నేను చెప్పింది విని వెంటనే శాంతించిన సభ ఇదొక్కటే.

దారికడ్డంగా ఉన్న సంస్థ గేటు దగ్గర కాపలావాడు ఆపాడు.

“ఏంది ఆ సప్పుడు? మోటారు పెట్టినావా?”

“లేదు.”

“సైకిలుకు మోటారు పెడితే జప్తు. సంచి తెరువు.”

“మీరే తెరవండి సార్. చెవి దగ్గర పెట్టి మరీ వినండి.”

పెట్టాడు. తర్వాత జల్లెడ గుడ్డలోంచి చూశాడు. లోపల్నుంచి రెండు వేల మంది అతన్ని చూశారు. ఆరడుగులు వెనక్కి పోయి అక్కణ్నుంచే విచారణ కొనసాగించాడు.

“ఏమివి?”

“తేనెటీగలు.”

జప్తు పట్టిక తిరగేశాడు. అందులో లేవు. ముప్పై రెండేళ్లుగా లేని దాన్ని నిషేధించాలని ఎవరికీ తోచలేదు. “అయితే పశువుల కింద రాస్తా. పశువుకు ఒక చీటీ. ఎన్నుండాయి?”

“నాలుగు వేలు. లెక్కపెట్టుకోండి, నేనాగుతా.”

అతను తన పెన్ను వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు, గేటు ఎత్తాడు.

నమోదు 7. పూత రెండో రోజు

సాయంత్రం ఊరు చేరాను. ఈగలు బతికున్నాయి. స్టాండు బతికుంది. నేను కూడా.

ఊరి మొదట్లోనే సైకిల్ ఆపేశాను. చేను పచ్చగా ఉండాలి కదా. నీలంగా ఉంది. పువ్వు పువ్వులోనూ అంచు నుంచి లోపలికి ఎనిమిది వరసలు, ఒక్కటీ వదలకుండా, ఎంత శ్రద్ధగా! ఎండిపోయి ఉంటాయని భయపడుతూ వచ్చాను. అంతకన్నా ఘనకార్యం జరిగింది. నలభై మంది ఆడవాళ్లూ కుంచెలు కడుక్కుంటూ నన్ను చూసి చేతులూపారు.

“తిమ్మక్కా! ఇదేంది?”

“వచ్చినావా నాయనా. నువ్వేం దిగులు పడాకు. విచ్చుకున్నకాడికి అద్దేసినాం. రేపటియి కూడా పొద్దున్నే ముగిస్తాం.”

“ఎవరు అద్దమన్నారక్కా? ఎందుకద్దారు?”

“ఎందుకేంది? సుట్టాలొస్తాండారంటివి. ఇల్లు తొక్కిన పొద్దే వాళ్ల చేతికి పని ఇస్తామా? అడివి నుంచి ఆడికీ ఈడికీ ఊగుతా వచ్చినారు పాపం.”

మా ఊరి పద్ధతి ఒకటుంది, రాసి తీరాలి. ఇక్కడికి వచ్చినవాళ్లు మూడు పొద్దులు పని ముట్టకూడదు. అల్లుడైనా, అప్పులవాడైనా, దారి తప్పినవాడైనా. పూతకాలంలో ఊళ్లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ సంస్థ కుంచె అంటగట్టే రోజుల్లో మా పెద్దవాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. బాగుంది. గొప్పది. కానీ ఈగలకు కూడా వర్తిస్తుందని ప్రపంచంలో ఇంకే ఊరూ అనుకోదు.

“అవి ఈగలక్కా!”

“ఈగలైతే? వాటికి అలుపు రాదా?”

నేను అరిచాను. నలభై ఒకటో షరతు నుంచి మొదలుపెట్టి, ఒప్పందం, పన్నెండేళ్లు, నీలం, వేలిముద్ర, నా మోకాలు, అన్నీ కలిపి అరిచాను. మొదటిసారి ఎవరూ మేతకు లేచిపోలేదు. నీలం ఉన్న వరస పోయినట్టేనని, సంస్థ అధికారి లెక్క రాయడానికి రేపే వస్తున్నాడని అర్థమయ్యేసరికి, కడుగుతున్న కుంచెలు నీళ్లలోనే ఉండిపోయాయి. కాశింబీ అత్త మాత్రం ముందు స్టాండు పట్టుకుని ఊపి చూసి, “కదల్లేదు” అంది. అంత దుఃఖంలోనూ ఆమెకు ఆ తృప్తి దక్కింది.

తిమ్మక్క తన కుంచె నీళ్లలోంచి తీసి గట్టు మీద పెట్టింది. “రేపటి నుంచి మేం కుంచె పట్టం” అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. “అట్లని వాటికీ పని చెప్పం. మూడు పొద్దులు కూసోబెట్టే పెడ్తాం” అని పెట్టెల ముందు నాలుగు కంచాలు పరిపించి, బెల్లం నీళ్లు పోయించింది.

నమోదు 8. పూత మూడో రోజు

పొద్దున్నే పెట్టెల తలుపులు తీశాను. ఈగలు బయటకొచ్చి, పెట్టెల ముందు గాలిలో చుట్లు తిరిగి, కొత్త చోటు గుర్తుపెట్టుకుని, నేరుగా బెల్లం కంచాలకు వెళ్లాయి. నాలుగు వేల మంది విప్లవకారులు విందులో కూర్చున్నారు. కంచాలు తీసేయమని తిమ్మక్కను బతిమాలాను.

“తింటాండేవాళ్ల ముందర్నుంచి కంచం లాగుతామా? నువ్వు లాగు, చేతనైతే.”

నా వల్ల కాలేదు. ఈ ఊరివాడినే కదా, నేనూ.

సరిగ్గా అప్పుడే పరిశీలనాధికారి విద్యాధర్ సారు జీపు దిగాడు. చేను చూశాడు: నీలం. ఈగలను చూశాడు: బెల్లం. నన్ను చూశాడు: ఏమీ అనుకోలేదు. గట్టు మీదే అట్ట పెట్టుకుని, పెన్ను తీసి, సిరాదిండు తెరిచాడు.

“నీలం ఉంది. ఇవేమో తిని కూర్చున్నాయి. ఇరవై వరసలూ సంస్థవే. మేస్త్రి ఎవరమ్మా, వేలిముద్ర వెయ్యి.”

నేను ప్రసంగం అందుకున్నాను. ‘ఓ దోపిడీ యంత్రాంగమా’ దాకా వచ్చాను. సారు వాచీ చూసుకున్నాడు. తిమ్మక్క మా మధ్యలోంచి నడిచి వచ్చి, ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది. బిడ్డ చేతిలోంచి కత్తి తీసుకున్నంత నెమ్మదిగా.

“ఏమ్మా, ఏం చేస్తున్నావు?”

“మీరొచ్చి ఎంతసేపాయె సారూ? ఇంగా మంచినీళ్లన్నా తాగల్యా. అప్పుడే పనా?”

“నేను డ్యూటీ మీద వచ్చాను.”

“ఎవురైనా పనిమీదనే వస్తారు. మూడు పొద్దులు మీరు పని ముట్టకూడదు. మంచమెయ్యండే!” అని వెనక్కి తిరిగి కేకేసింది.

సారు నిబంధనలు చెప్పాడు. మంచం వచ్చింది. సారు కోప్పడ్డాడు. మజ్జిగ వచ్చింది. జీపు దగ్గరికి నడిచాడు. డ్రైవరు అప్పటికే చెట్టు కింద కొర్రన్నంలో చేయి పెట్టి ఉన్నాడు, లేచే ఉద్దేశం కనిపించలేదు. పూత అయ్యేలోగా రాసిన కాగితం లేకుండా వెనక్కి పోతే సారు ఉద్యోగానికే ముప్పు. రాయాల్సిన పెన్ను తిమ్మక్క కొంగులో ఉంది. నలభై మంది ఆడవాళ్ల ముందు ఆ కొంగు ముడి విప్పే షరతు ఒప్పందంలో ఎక్కడా లేదు. కూర్చున్నాడు. జొన్నరొట్టె, గోంగూర వచ్చాయి. రెండో రొట్టె దగ్గర నిబంధనలు ఆగిపోయాయి.

మధ్యాహ్నానికి కంచాల వైపు చూస్తే, బెల్లం నీళ్లు సగం అలాగే ఉన్నాయి. ఈగలు లేవు. పెట్టెల్లోకి తొంగి చూశాను. చేలోంచి శబ్దం వచ్చింది. ఆ పొద్దే విచ్చుకున్న వరసల మీద, నీలం ఆగిపోయిన చోటికి సరిగ్గా లోపల, కాళ్లకు పసుపు పూసుకుని తిరుగుతున్నాయి.

తిమ్మక్క ముఖం చిన్నబోయింది. “పెట్టింది సగం ఇడిసి పనికి పోయినాయి సూడు. ఎవురు పెంచినారో ఏమో.”

నమోదు 9. పూత ఆరో రోజు

ఈ మూడు రోజులూ విద్యాధర్ సారు మంచం మీద నుంచే ఈగల రాకపోకలు చూశాడు. చూడటం పని కాదని తిమ్మక్క ఒప్పుకుంది. ఈగలకన్నా ఆయనకే మర్యాద బాగా తెలుసు: పెట్టిందంతా తిన్నాడు.

ఈ పొద్దున ఆమె పెన్ను తిరిగి ఇచ్చింది. సారు భూతద్దంతో చేలో దిగాడు. పుప్పొడి అందిన చిన్న పువ్వు కొన వాడి లోపలికి ముడుచుకుంటుంది. అందనిది ఇంకా నిక్కి ఎదురు చూస్తుంది. ఆయన యాభై పూలు చూశాడు. నేను వెనకాలే ఉండి యాభై ఒక్కటి చూశాను. నీలానికి లోపల పన్నెండు వరసలూ ముడుచుకున్నాయి, ఎక్కడో ఒకటీ అరా తప్ప. ఆయన ఎంత నిజాయితీపరుడో నాకు తెలియదు. కానీ ఆరు పూటలు పెట్టిన మనిషి పక్కనే నిలబడి ఉండగా అబద్ధం రాయడం ఎవరికైనా కష్టమే.

‘ఎనిమిది వరసలు సంస్థవి. పన్నెండు ఊరివి’ అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత సిరాదిండు తెరిచాడు. తిమ్మక్క ఎనిమిది వరసలకు వేలిముద్ర వేసింది.

నేను ఊరుకోలేదు. “ఇరవైకి ఇరవై రావాల్సింది! ఇంకో పన్నెండేళ్లు ఎనిమిది వరసలు! ఇది విజయమా?” అన్నాను.

“ఎనిమిదీ మర్యాదకు పాయె. పోనీ” అంది తిమ్మక్క. “రోజుకు నాలుగు. అంటే పూతకు రెండు పొద్దులు వంగల్ల. ఇంతకు ముందు ఐదు. నువ్వు బాగా చదువుకున్నోనివి, నువ్వే చెప్పు, ఎన్ని మిగిలినాయి?”

“మూడు.”

“మూడు పొద్దులు” అని, ఏదో రుచి చూస్తున్నట్టు మళ్లీ ఒకసారి అనుకుని, ఇంటికి వెళ్లిపోయింది.

నాకు చల్లారలేదు. పన్నెండుతో తృప్తిపడేవాళ్లవల్లే ఎనిమిది మిగిలిపోతుందని, ఎనిమిది పేజీల ప్రసంగం ఒకటి మనసులో కూర్చుకున్నాను. సైకిల్ నడిపించుకుంటూ వాళ్ల వీధికి వెళ్లాను. పదిన్నర అయింది. పూతకాలంలో ఆ వేళకు మా ఊళ్లో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. తిమ్మక్క ఇంటి తలుపు తెరిచే ఉంది. నేల మీద చాప, చాప మీద ఆమె. నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పక్కింట్లోనూ గురక. ఎదురింట్లోనూ. వీధి వీధంతా పట్టపగలు పడుకుని ఉంది.

నేను గడప దాకా వెళ్లాను. ప్రసంగంలో మొదటి మాట నాలుక మీద ఉంది.

తర్వాత సైకిల్ వెనక్కి తిప్పాను. నడిపిస్తే ఫ్రీవీల్ టకటకా మోగుతుందని, ముందు స్టాండుతో సహా భుజానికెత్తుకుని వీధి చివరిదాకా మోసుకుపోయాను.